బిగిసిన కండను వదిలించేదెవరు?

నిన్న మా కోడలు చంటిపాప పాలసీసా వంచి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసింది. ఆ గోరువెచ్చని పాల వాసనకి ఖాదర్ భాయ్ గుర్తొచ్చాడు, ఇక నేను కుదురుగా కూర్చోలేకపోయాను. యాభైల నాటి మాట. కడప జిల్లాలో ఒక పశువుల ఆసుపత్రికి నేను కొత్త డాక్టరుని, ఆయన పాత కాంపౌండరు. నాకు పట్టా ఉంది, ఓపిక లేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. ఆయనేమో మందు సీసాని వేడినీళ్ళలో ఉంచి, ఇలాగే చేతి మీద చుక్క వేసుకుని చూస్తే తప్ప నాకు అందించేవాడు కాదు. "ఆలస్యం అమృతం విషం, తెలుసా భాయ్?" అని విసుక్కునేవాణ్ణి. "తొందరపడితే మందు గూడా విషమే సార్" అనేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మరియమ్మ అనే పేదరాలి ఆవు పడిపోయిందని కబురొస్తే ఇద్దరం బస్సులో వెళ్ళాం. ఈని రెండు రోజులు. మెడ డొక్క మీదికి వాల్చి, చెవులు చల్లబడి, లేవలేక పడుంది. ఒంట్లోని కాల్షియమంతా పాలలోకి పోతే కండరాలు ఇలాగే చచ్చుబడతాయి. ఇరుగుపొరుగు వాళ్ళు వాత పెట్టడానికి అప్పటికే కొడవలి కాలుస్తున్నారు. "దీని పాలతోనే బతుకుతాండాం సామీ. ఇది పోతే మేమూ పోయినట్టే" అంది మరియమ్మ.

మెడ నరానికి సూది గుచ్చి, రబ్బరు గొట్టం తగిలించి, కాల్షియం సీసా ఎత్తి పట్టుకున్నాను. ఖాదర్ భాయ్ నేల మీద కూర్చుని ఆవు రొమ్ముకు చెవి ఆనించాడు. తిరుగు బస్సు మూడింటికి. అది తప్పితే ఎనిమిది మైళ్ళ నడక. మందు నత్తలా దిగుతోంది. సీసా ఎత్తు పెంచితే వేగంగా దిగుతుందని నాకు తెలుసు. చేయి దానంతటదే లేచిందని చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. నేనే ఎత్తాను.

"దించు!" అని అరిచాడాయన, ఎన్నడూ సార్ అనకుండా మాట్లాడనివాడు. గొట్టాన్ని వేళ్ళతో నొక్కేశాడు. "గుండె తప్పుతాండాది."

ఆవు కళ్ళు తేలేసింది. మరియమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నేను సీసా దించాను. ఎంతసేపటికో ఖాదర్ భాయ్ వేలు ఆవు వీపు మీద తట్టడం మొదలుపెట్టింది, గుండె కొట్టినప్పుడల్లా ఒక తట్టు. ఆ తట్లు సమంగా పడ్డాకే గొట్టం కొంచెం వదిలాడు. దూరంగా బస్సు హారను మోగింది, అలాగే వెళ్ళిపోయింది. మందు అయిపోయిన కాసేపటికి ఆవు ఒళ్ళు జలదరించి, పేడ వేసి, వెనక కాళ్ళు కూడదీసుకుని లేచింది.

నడిచొస్తుంటే ఆయనే అడిగాడు. "ఆ మందు పడితేనే కండ బిగిసి ఆవు లేచె గదా సార్. అదే ఎక్కువైతే గుండె ఆగిపోతాది. మరి బిగిసిన కండని వదిలించేదెవరు?" నా పుస్తకాల్లో జవాబు లేదు. అడిగినందుకు ఒళ్ళు మండింది కూడా.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పత్రికలో చదివాను. కండలోకి కాల్షియాన్ని వదిలే ప్రోటీన్లు ఉన్నాయట, పని కాగానే దాన్ని పోగుచేసి మళ్ళీ దాని గూట్లో పెట్టే ప్రోటీన్లూ ఉన్నాయట. ఈ రెండోవి పాడైతే బిగిసిన కండ వదలడమే కష్టమవుతుందట. పత్రిక పట్టుకుని ఖాదర్ భాయ్ దగ్గరికి పోదామని లేచాను. చెప్పులు వేసుకున్నాక గుర్తొచ్చింది, ఆయన పోయి రెండేళ్ళయిందని.

నిన్న పాప ఏడుపు ఆపలేదు. కోడలి చేతిలోంచి సీసా తీసుకున్నాను. గబగబా తాగించేద్దామని ఎత్తబోయాను. ఎత్తిన చేతిని దించాను. చూసుకుంటే, నా రెండో చేతి వేలు పాప వీపు మీద, గుండె కొట్టినప్పుడల్లా తడుతూ ఉంది.