పడవ అనుకున్న చుక్క

ఆ ఏడాది వాటర్లూలో ఏ బస్సెక్కినా వెనక సీట్లన్నీ తెలుగే. కాలేజీలు పట్టనంత మందిమి వచ్చిపడ్డాం. ఒక బేస్‌మెంటులో ఆరుగురు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. మిగతా అయిదుగురూ కాఫీ షాపుల్లో, గోడౌన్లలో పార్ట్‌టైం చేస్తుంటే, నాకు మాత్రం కూర్చుని సముద్రాన్ని చూసే పని దొరికింది. వాటర్లూలో సముద్రం ఎక్కడిదని మా వాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఉండేది.

స్క్రీన్ నిండా బూడిదరంగు నీళ్ళు, వాటి మీద తెల్లటి చుక్కలు. కొన్ని ఓడలు, కొన్ని మంచుకొండలు. ఓడ తన పేరూ దారీ సిగ్నల్‌తో తానే చెప్పుకుంటుంది. మంచుకొండకి నోరు లేదు. అలాగని నోరులేనివన్నీ కొండలూ కావు, చిన్న చేపల పడవలు కూడా సిగ్నల్ పెట్టుకోవు. కొండో పడవో తేల్చి పక్కన రాయడమే నా పని. మా జాబితా చూసి ఓడలకి హెచ్చరికలు పంపేవాళ్ళు. చూడగా చూడగా కళ్ళు మత్తెక్కి, కుర్చీ కింద నేల మెల్లిగా ఊగుతున్నట్టుండేది. ఆ ఊపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అన్నయ్య సరుకు ఓడలో వంటవాడు. మే నెలలో వాళ్ళ ఓడ మాంట్రియల్ వస్తోందని తెలిసినప్పటినుంచి ఆ ఓడ చుక్కని స్క్రీన్ మీద రోజూ పలకరించేదాన్ని. కాకినాడలోని మా ఇల్లే తేలుకుంటూ నా వైపు వస్తున్నట్టు అనిపించేది.

ఒకరోజు పొద్దున్న ఆఫీసులో కూర్చోగానే అన్నయ్య వాయిస్ మెసేజ్ వచ్చింది. “ఇక్కడంతా మంచేనే. స్లోగా పోతన్నాం. అమ్మకి చెప్పకేం, రోజంతా ప్రార్థనలో కూచుంటాది.”

మా జాబితా ప్రకారం ఆ దారిలో ఒక్క మంచుకొండ కూడా లేదు. ముందురోజు బొమ్మ తెరిచాను. ఓడ వెళ్ళే దారిలోనే నోరులేని చుక్క ఒకటుంది. దాని పక్కన నేనే రాశాను, పడవ అని.

జాబితా అప్పటికే వెళ్ళిపోయింది. మార్చాలంటే మా సూపర్‌వైజర్‌కి తప్పు ఒప్పుకోవాలి. నేను ఈ దేశంలో ఉండిపోవడానికి, పీఆర్‌కి, కావలసిన ఉత్తరం రాయాల్సింది ఆవిడే. అన్నయ్య ఆ నీళ్ళ మీద ఉండగా, నేను ఒక నిమిషం పాటు ఆ ఉత్తరం గురించి ఆలోచించాను. ఆ నిమిషానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

లేచి వెళ్ళి, మా అన్నయ్య ఆ ఓడలో ఉన్నాడని, చుట్టూ ఐస్ ఉందంటున్నాడని, ఈ చుక్కని నేనే తప్పు చదివానని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. ఆవిడ నాలుగు రోజుల బొమ్మలు వరసగా పెట్టింది. చుక్క ఎక్కడా ఆగకుండా, వెనక్కి తిరగకుండా, నీళ్ళు ఎటు పోతే అటే జరుగుతోంది. చేపల వేటకెళ్ళిన పడవ అలా పోదు. ఆవిడ వెంటనే హెచ్చరిక పంపించడానికి ఫోన్ అందుకుంది.

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. ఐసుని దాటారా అని అడిగితే నవ్వాడు. “ఐసెక్కడిదే? మంచన్నాను గదా! ఓడ ముందు భాగం కూడా కనపడ్డం లేదు.”

మా ఊళ్ళో చేపల పెట్టెల్లో వేసేది ఐసు. మంచంటే చలికాలం పొద్దున్నే సముద్రం మీద కమ్ముకునేది. ఇక్కడ రెండే రెండు శీతాకాలాలు గడిపి, మంచంటే ఐసే అనుకుని మా ఊరి మాట మరిచిపోయాను. ఆ మంచులో వాళ్ళకి కొండ కంటికి కనపడేది కాదని అప్పుడు తట్టింది.

వారం తర్వాత మాంట్రియల్‌లో, రేవు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. తను వండిన చేపల పులుసు స్టీలు డబ్బాలో తెచ్చాడు. జరిగిందంతా చెప్పేశాను, ఆ నిమిషంతో సహా. తిడతాడనుకున్నాను.

“హెచ్చరికొచ్చి కెప్టెన్ దారి మార్చాడు. అది నువ్వా?” అన్నాడు. “పడవనుకున్నావా? అంతేలే. నీళ్ళ మీద ఏది కనపడినా, మనోళ్ళెవరో వేటకొచ్చారనుకుంటాం గదే.”

అప్పుడు ఏడుపు ఆగలేదు. అన్నయ్య ముల్లు తీసి చేపముక్క నా చేతిలో పెట్టాడు.