బాగుందని రాయని మేడమ్

మా స్కూల్ కౌన్సెలర్ మేడమ్ మొన్న సోమవారం పోయారు. ఎల్బీనగర్‌లో ఆమె ఇంటికి వెళ్లి వచ్చాక కరస్పాండెంట్ గారు సంతాప సభలో చదవమని నాకొక కాగితం ఇచ్చారు. ‘ఆమె కార్యక్రమం ఘనవిజయం సాధించింది’ అని ఉంది. నేను చదవలేదు. ఆమె ఫోటో ముందు ఆ మాట అననివ్వను.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ స్కూల్లో నేను గుమాస్తాని. ప్రేమ పేరుతో కొట్టడం, బెదిరించడం, ఫోన్ లాక్కోవడం గురించి తొమ్మిది, పది తరగతులకు మేడమ్ రెండు నెలలు పాఠాలు చెప్పారు. చివరి రోజు నేను రోల్ నంబర్లు వేసిన కాగితాలు పంచి, క్లాస్ టీచర్‌ను ఎదుట నిలబెట్టి అభిప్రాయాలు రాయించాను. అందరూ ‘చాలా బాగుంది’ అనే రాశారు.

“పాఠాలు పనిచేసినట్టే మేడమ్,” అన్నాను.

“మీకెలా తెలుసండీ?”

ఎవరేం చెప్పినా ఆమె అడిగేది అదే. మొదట్లో కోపం వచ్చేది. “నచ్చిందా అని కాదు, కొట్టడం ఆగిందా అని అడగాలి. అదీ వాళ్లు నా మొహం మర్చిపోయాక,” అన్నారు.

ఆరు నెలలు ఆగి, కొట్టడం ఆగిందా అని మళ్లీ కాగితాలు పంచారు. ఈసారి పేర్లు లేవు, నంబర్లు లేవు, టీచర్లు బయటే. “రాయడానికి ఏమీ లేనివాళ్లు పదిహేడో ఎక్కం రాయండి. అందరి పెన్నులూ కదలాలి,” అన్నారు. ఎవరు ఎక్కువ రాస్తున్నారో పక్కవాళ్లు పసిగట్టకూడదని.

పదో తరగతితో చదువు ఆగిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితాలన్నీ నాచేత చదివించారు. ఎక్కాల మధ్య ఒక కాగితం: ‘మేడమ్ చెప్పినయన్నీ యాదికున్నయి. వాడు ఇంకా కొడుతుండు.’ అలాంటివి ఇంకా వచ్చాయి. ఆ పిల్ల ఎవరో చేతిరాత పట్టి వెతకనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం తన గది తలుపు తీసి కూర్చున్నారు. పదకొండో రోజు ఆ పిల్లే వచ్చింది.

రిపోర్టులో మేడమ్ రాసింది రెండే వాక్యాలు: ‘పిల్లలకు విషయం తెలిసింది. దెబ్బలు ఆగలేదు.’

“ఏంది మేడమ్, మనల్ని మనమే బద్నాం చేసుకుంటమా? జర మంచిగ రాయుండ్రి. గిట్లయితే వచ్చే ఏడు క్లాసులుండయి,” అన్నారు కరస్పాండెంట్ గారు.

“పాఠం మార్చమంటే మారుస్తాను. రిపోర్టు మార్చను.”

క్లాసులు నిజంగానే ఆపేశారు. పోయేదాకా ఆమె ఆ వాక్యాలు దిద్దలేదు.

సభలో నేను ఆ రెండు వాక్యాలే చదివి కూర్చున్నాను. తొమ్మిదో తరగతి వరుసలోంచి ఒక అమ్మాయి లేచి కరస్పాండెంట్ గారిని అడిగింది.

“సార్, దెబ్బల గురించి మమ్మల్నెప్పుడు అడుగుతరు?”

ఆ వరుసంతా వేదిక వైపు చూస్తోంది. కరస్పాండెంట్ గారు వీపు తిప్పి ఫోటో మీది దండ సర్దుతున్నారు. అమ్మాయి కూర్చోలేదు.