నెట్టులో ఉన్న పాటల పుస్తకం

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. ఆళ్లగడ్డలో ఒక కమిటీ వాళ్లు నడిపే చిన్న లైబ్రరీలో ఊడ్చేదాన్ని నేను. మా ఆయన ఆడ అటెండరు. ఆయన పోయినంక నాకీ పని ఇచ్చినారు. కూడబలుక్కుంటే తప్ప నాకు అక్షరాలు రావు. నేను చెప్తాండా, మా చెల్లెలి కూతురు రాస్తాంది.

ఆ ఏడే మా పుస్తకాలన్నీ నెట్టులో పెట్టినారు. క్యాటలాగు అంటారు దాన్ని. ఏ పుస్తకం ఏ లైబ్రరీలో, ఏ బీరువాలో ఉందో చెప్పేది. ముందైతే లోపలికి వచ్చినోళ్లే చూసుకోవాల. ఇప్పుడు ఎవరైనా ఫోన్లో పుస్తకం పేరు కొడితే మా ఊరి పేరుతో సహా వచ్చేస్తాది. లైబ్రేరియన్ సారు నాకు చూపించి మురిసిపోయినాడు.

"ఢిల్లీలో కూచున్నోడు కూడా మన బీరువా చూడచ్చు మద్దిలేటమ్మా!"

"బూజు కూడా కనపడతాదా సారూ?" అన్నా. నవ్వినాడు.

పగిడ్యాల నుంచి రెండు బస్సులు మారి ఒకామె వచ్చింది. పేరు రూతమ్మ, టీచరు. వాళ్ల నాయన కూడా అయ్యవారేనంట. చర్చిలో పాడుకునేకి పాటలు కట్టి చిన్న పుస్తకం అచ్చేయించినాడంట. ఇంట్లో ఉన్నవి వానకు నాని పోయినాయి. ఆయనా పోయినాడు. ఇప్పుడు వాళ్లమ్మ మంచంలో ఉంది, మతి నిలవదు. మొగుడు కట్టిన ఒక పాట మాత్రం పాడుతుంది. మొదటి చరణం అయినంక ఆగిపోతాది.

"తరవాతేందీ, తరవాతేందీ అని ఏడుస్తాందక్కా. ఎక్కువ రోజులు లేవన్నాడు డాక్టరు. ఒక్కతూరి చదివి వినిపిస్తే చాలు నాకు."

ఫోన్ చూపించింది. పుస్తకం పేరు, వాళ్ల నాయన పేరు, మా లైబ్రరీ పేరు. కింద పచ్చ అక్షరాలతో 'ఉంది' అని. ఆ ఒక్క మాట నేనూ చదివినా.

సారూ, నేనూ, ఆమే బీరువాలన్నీ దించి చూసినాం. లేదు. అప్పుడు సారుకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. అంతకు ముందు ఒకతూరి కప్పు కారినప్పుడు, కారిన మూల ఉన్న పుస్తకాలన్నీ సంచుల్లో మూటలు కట్టి నంద్యాలలో కమిటీ గోడౌనుకు పంపినాం.

"మరి నెట్టులో ఈడే ఉందని ఎందుకుంది సార్?"

"పుస్తకాలు చూసి ఎక్కించలేదమ్మా. ఎక్కించినాయన నంద్యాలలో కూచొని, పాత రిజిస్టరు చూసి కొట్టుకుంటా పోయినాడు. ఈడికి రానేలేదు."

మూటలు కట్టిందాన్ని నేనే కాబట్టి మరుసటి రోజు నన్నూ ఆమెతో పంపినాడు. శిరివెళ్ల దాటేదాకా బస్సులో ఆమె ఆ చరణమే సన్నగా పాడుకుంటాంది. నాకూ పట్టుబడింది.

గోడౌను వాచ్‌మెన్ తాళం తీసి, "ఆళ్లగడ్డ మూటలా? వచ్చిన కాడ్నించి ఎవురూ ముట్టుకోలేదు" అన్నాడు. మొదటి సంచి నోరు విప్పి చెయ్యి పెట్టినా. మన్ను వచ్చింది. కింద చెమ్మ, లోపలంతా చెదలు. ఏది ఏ పుస్తకమో చెప్పేకి అట్టలు కూడా మిగల్లేదు. ఆమె ఊరుకోలేదు. చీర కొంగు బిగించి ప్రతి సంచీ కుమ్మరించి చేతుల్తో కెలికింది.

అప్పుడే ఫోన్ మోగింది. ముసలామె గొంతు నాకూ వినపడతాంది. "దొరికిందా పాపా? చదువు... చదువు."

రూతమ్మ నా మొగం చూసింది.

"ఈ పొద్దు లైబ్రరీ సెలవుమా. రేపు తెస్తా" అనింది. ఫోన్ పెట్టేసి ఆ మన్నులోనే కూచుండిపోయింది.

పోతా పోతా సారుకు ఫోన్ చేసి ఒకటే అడిగింది. "ఆ పేరు తీసేయించండి సార్. ఇంకెవురూ నా మాదిరి ఆశపడి రాకుండా."

సారు కమిటీలో చెప్పినాడు. పుస్తకాలు తగ్గినట్టు కనపడితే ఏం మర్యాద అన్నారంట. ఆ ఆదివారం రాకముందే రూతమ్మ వాళ్లమ్మ పోయింది.

నెట్టులో పెట్టేది చెడ్డ పని అని నేననను. పెట్టబట్టే కదా, ఆ పుస్తకం ఒకటి ఉండిందని ఆమెకు తెలిసింది. కానీ ఉందని లోకానికి చెప్పేముందు ఒకరన్నా బీరువా తలుపు తీసి చూడాల. మాకు ఆ పని ఎవురూ చేయలేదు. ఇప్పటికీ చేయలేదు.

ఈ మాటలు రాస్తా రాస్తా మా పాప ఇప్పుడే ఫోన్లో కొట్టి చూసింది. 'ఉంది' అనే వచ్చింది. ఊడుస్తా ఉంటే ఒగోసారి ఆ పాట నా నోటికి వస్తాది. మొదటి చరణం అయినంక చీపురు ఆగిపోతాది. తరవాత ఏముందో నాకూ తెలీదు.