తాళం తీయించిన సార్

మా బడి బీమా గడువు దగ్గర పడింది. ఈసారి చూడడానికి ఎప్పుడు వస్తారో అడుగుదామని బీమా కంపెనీ సర్వేయర్ సార్‌కు ఫోన్ చేస్తే ఆయన కూతురు ఎత్తింది. "అబ్బా లేరు మేడం. పోయి తొమ్మిది దినాలైతుంది. పొద్దుగాల నమాజుకు లేచిండ్రు, గట్లనే గుండె ఆగింది" అన్నది. నేను "అయ్యో" అన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ వెంటనే ఆయన కోసం కాదు, నా కోసం భయపడ్డాను. మా బడిని చూసి భయపడే మనిషి ఇక లేడు.

ఆయనది కరీంనగర్. మాది ఖానాపూర్‌లో నేను నడిపే చిన్న ప్రైవేటు బడి, ఒకప్పటి తునికాకు గోదాం. కింద మూడు గదులు, పైన నాలుగు. భవనానికీ పిల్లలకూ బీమా కావాలంటే బడి ఎలా ఉందో ఆయన చూసి రాసివ్వాలి. మొదటిసారి వచ్చినప్పుడు చాయ్ వద్దన్నారు, రిజిస్టర్లు తెరవలేదు. నేరుగా పైకెక్కి, వెనక మెట్లు దిగి, రోడ్డు వైపున్న ఇనుప గ్రిల్లు తలుపు పట్టుకుని ఊపారు.

"గీ తాళంచెవి యాడున్నది మేడం?"

తాళంచెవి అటెండరు జేబులో ఉంది. అటెండరు సుద్దముక్కలు తేవడానికి బజారుకు పోయాడు. సార్ మెట్టు మీద కూర్చుని చేతి గడియారం చూసుకుంటూ ఉండిపోయారు. అటెండరు ఉరుకులాడుతూ వచ్చేసరికి పద్నాలుగు నిమిషాలైంది.

"పద్నాలుగు నిమిషాలు" అన్నారు. "పొగ గంత సేపు ఆగదు మేడం."

నేను నోరున్న మనిషిని. "తాళం తీస్తే పోరగాళ్లు రోడ్డు మీదికి ఉరుకుతరు సార్. లారీలు పోతయి. వాళ్లకేమన్నయితే మీరొస్తరా?" అన్నాను.

"నేనే వస్త. అయినంక వచ్చుడే నా నౌకరి" అన్నారు, కోపం లేకుండా. "లోపటి దిక్కు గొళ్లెం పెట్టుండ్రి. తాళం వద్దు. అప్పటిదాంక నేను సంతకం పెట్ట."

గొళ్లెం వేయించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

మరుసటి ఏడు ఒకటో తరగతిలోకి వెళ్లి నేల మీద కూర్చున్నారు. "బిడ్డా, అందరు కండ్లు మూసుకొని తలుపు కాడికి రాండ్రి" అన్నారు. పిల్లలకు అదొక ఆట. నవ్వుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ వచ్చారు. లెక్కపెడితే ఒకరు తక్కువ. నేను మళ్లీ లెక్కపెట్టాను. ఒక పాప బీరువా వెనక సందులో దూరి, మోకాళ్ల మీద తల పెట్టుకుని, చప్పుడు చేయకుండా కూర్చుంది. కనిపెట్టింది ఆయనే. "చిన్న పోరలు భయమైతే ఉరకరు మేడం, దాసుకుంటరు" అన్నారు. పాప తల నిమురుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు. ఎక్కడ ఏం చూసి ఆ సంగతి తెలుసుకున్నారో అడిగే ధైర్యం నాకు చాలలేదు. బీరువాను మాత్రం ఆ పూటే గోడకు ఆనించి పెట్టించాను.

మా టీచర్లు ఆయనకు 'భయం సార్' అని పేరు పెట్టారు. ఆయనకు తెలుసు, నవ్వేవారు. హోటల్లో తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చునేవారు. దావత్‌కు పోతే షామియానాకు ఇంకో దారి ఉందో లేదో చుట్టూ తిరిగి చూశాకే పళ్లెం ముట్టేవారట. రిపోర్టు మీద సంతకం పెట్టినప్పుడల్లా ఒకటే మాట: "బీమా కాగితం మంటను ఆర్పదు మేడం. మంట ఆరినంక చదువుకునేదే గా కాగితం." నేనేమో ఆ కాగితానికి అద్దం కట్టించి ఆఫీసు గదిలో తగిలించేదాన్ని.

ఇన్నేళ్లలో మా బడిలో ఏ అగ్ని ప్రమాదమూ జరగలేదు. అదే మా కొంప ముంచింది. పోయిన చలికాలం ఇద్దరు పెద్ద పిల్లలు గొళ్లెం తీసి మిఠాయి దుకాణానికి పోయారు. ఒకడు లారీ కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. తల్లులు వచ్చి గొడవ చేశారు. రెండు రోజులకే కదా అనుకుని మళ్లీ తాళం వేయించాను. రెండు రోజులు నెలలయ్యాయి.

సార్ పోయాక బడి చూడడానికి ఎవరూ రాలేదు. బీమా కంపెనీ నుంచి ఫోన్లో ఒక అమ్మాయి మర్యాదగా, నాలుగు ఫోటోలు పంపితే చాలన్నది. వెనక గ్రిల్లుది కూడా అడిగింది. నేను తాళం తీసి, కొంగు చాటున పట్టుకుని, ఫోటో తీశాను. తీసి మళ్లీ తాళం వేశాను. ఇంకెవరో కాదు, నేనే. చాయ్ చల్లారకముందే బీమా కాగితం ఫోన్లోకి వచ్చేసింది.

అది చదవడం మొదలుపెట్టాను. పైన నాలుగు గదుల్లో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు, ఒక్క గొంతుతో, బిగ్గరగా. ఆ గొంతులు వింటూ కూర్చోలేకపోయాను. సార్ నాకు ఇచ్చిపోయింది ఈ భయం ఒక్కటే. దాన్ని కూడా కాపాడుకోలేకపోయానని ఏడుపొచ్చింది. వెనక గ్రిల్లు దగ్గరికి వెళ్లి తాళం తీసి, అటెండరు చూస్తుండగానే రోడ్డు మీద పోతున్న పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాను.

ఇప్పుడు ఇంటర్వెల్ గంట కొట్టగానే గ్రిల్లు బయట కుర్చీ వేసుకుని, రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంటున్నాను. ఈ కాపలా ఇంకొకరికి అప్పజెప్పడానికి మనసు ఒప్పడం లేదు. లారీ పోయినప్పుడల్లా కుర్చీ అదురుతుంది. "మేడం, గిక్కడ కూసున్నరేంది?" అంటూ పిల్లలు వచ్చి కడ్డీలు పట్టుకుంటారు. వాళ్లలో పొడుగు పిల్ల ఒకతె మునివేళ్ల మీద లేచి గొళ్లెం వైపు చేయి చాపుతుంది. అది ఆమెకు అందాలని ఉంటుంది నాకు. అందకూడదనీ ఉంటుంది.