నల్ల తెర మీద కలశం ముగ్గు

ఈమెయిలు అనే మాట మా తిరువూరులో ఇంకా నలుగురి నోళ్ళలో పడని రోజులవి. ఉత్తరమంటే ఇన్‌లాండు కవరే. దాని మడతల మీద కూడా రాసి, చిరునామా పక్కన మిగిలిన వేలెడు చోటులో "పిల్లలకు ముద్దులు" ఇరికించేదాన్ని. కొన్న కాగితంలో ఖాళీ వదలడమంటే నాకు వండిన అన్నం పారబోసినట్టు. (ఇప్పటికీ అంతే. మా కోడలు దీనికి వేరే పేరు పెట్టిందని తెలుసు, విననట్టే ఉంటాను.)

అప్పుడు పూణేలో ఉన్న మా చెల్లెలు ఒకనాడు ఫోను చేసింది. "అక్కా, ఎల్లుండి కొత్తింట్లో గృహప్రవేశం. గడప ముందు కలశం ముగ్గు వెయ్యమంది మా అత్తయ్య. వచ్చన్నాను."

"నీకు రాదు కదే!"

"రాదనేగా నీకు చేసింది! రాదంటే 'మీ అమ్మ ఏం నేర్పింది' అంటుందక్కా."

మా అమ్మ పోయి అప్పటికింకా ఏడాది కాలేదు. పోయిన మనిషిని ఒకరి చేత మాట అనిపించడమా? తప్పు నాదీ కొంత ఉంది. పుట్టింట్లో ముగ్గంతా నేనే వేసి, దాన్ని గిన్నె పట్టుకుని నిలబడేట్టు చేశాను. ఫోనులో వరసలు చెప్పబోతే అది కింది వరస పైన, పై వరస కింద రాసుకుంది. ఉత్తరం వేస్తే గృహప్రవేశం అయ్యాక చేరుతుంది.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు నేర్పే మా మరిది ఆదుకున్నాడు. "వాళ్ళాయన ఆఫీసుకి మెయిలు కొడదాం, రండొదినా." అతని కంప్యూటర్లో బొమ్మలూ రంగులూ ఏమీ లేవు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలంతే. తనే చిరునామా కొట్టి, "ఇక మీరు వెయ్యండి. ఎంటర్ కొట్టాక పై వరస దిద్దడానికి కుదరదు. అయ్యాక పిలవండి, పంపుతాను," అని పిల్లలకు పాఠం చెప్పుకోవడానికి వెళ్ళాడు.

నాలుగో తరగతి చదువుకి ఇంగ్లీషు రాకపోవచ్చు గానీ చుక్కలు రావా? కలశం మీది కొబ్బరికాయ కొసన ఒక్క చుక్క. ఫోను లైను మీద నడిచే యంత్రం కదా, ఖాళీలు కొడుతూ కూర్చుంటే బిల్లెవరు కడతారని, చుక్కను ఎడమ అంచుకే ఆనించి పెట్టి ఎంటర్ కొట్టాను. ఉత్తరం మాయం! మరిదిని పిలిచాను. మళ్ళీ చిరునామా కొట్టాడు. మళ్ళీ చుక్క, మళ్ళీ మాయం. ఇలా చాలాసార్లయ్యాక విసిగి లైను తీసేశాడు. వెంటనే ఫోను మోగింది. చెల్లెలి మొగుడు.

"వదినగారూ, అందరూ క్షేమమేనా? మీ దగ్గర్నుంచి వరసగా ఖాళీ ఉత్తరాలొస్తున్నాయి. చెప్పలేని కబురేమోనని భయమేసి ఫోను చేశానండీ!"

"ముగ్గయ్యా, ముగ్గు పంపుతున్నా!"

అప్పటికి మరిదికి అర్థమై పగలబడి నవ్వాడు. "వరసలో ఒంటి చుక్క పెట్టారా వదినా? అలా పెడితే ఉత్తరం అయిపోయిందనుకుని పంపించేస్తుందది."

"మొదలెట్టగానే అయిపోయిందనుకోవడమేంటయ్యా? ఇంత తొందరా దీనికి!"

"చుక్క ముందు కాస్త ఖాళీ వదలండి."

"ఖాళీలు పంపడానికా ఫోను పెట్టించింది?"

"పోనీ సున్నాలు పెట్టండి."

"గృహప్రవేశానికి సున్నాలా? మంచి మాటే రాదా నీకు!"

చివరికి నక్షత్రం గుర్తు చూపించి బతికిపోయాడు. కొస నుంచి అడుగు దాకా వరసలన్నీ ఎడమ అంచుకే ఆనించి కొట్టాను. అంచు వెంట గీత కలిపితే కలశమే కదా అనుకున్నాను.

గృహప్రవేశం రోజు సాయంత్రం చెల్లెలి ఫోను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అక్కా, మెయిలు అచ్చు తీసి ఆయన తెచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే వేశాను. తీరా చూస్తే సగం కలశమే! నిలువునా కోసినట్టుంది. అత్తయ్య వచ్చి నిలబడింది."

"ఏమందే?"

"'మిగతా సగమేదమ్మా?' అంది. 'ఈ సగం మా అమ్మదండీ, ఆ సగం మీరు వెయ్యాలని ఉంచాను' అన్నాను. నా చేతిలో ముగ్గు గిన్నె అందుకుంది. తర్వాత కొంగు దోపుకుని కూర్చుని వేసిందక్కా. నాకంటే బాగా వేసింది."

ఇప్పుడు మా మనవరాలు ముగ్గు వేసి, ఫోనులో ఫొటో తీసి ఊళ్ళన్నిటికీ పంపుతుంది. అందరికీ నిండుగానే చేరుతుంది. ఆ నల్ల తెర ముందు ముక్కు మీద చెమటతో ఒక్కొక్క నక్షత్రమూ కొట్టిన పడుచుపిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. మిగతా సగం వెయ్యమని కూర్చోబెట్టడానికి ఇప్పుడు ఎవరికీ ఎవరూ అక్కర్లేదు.