మగ్గాల మోతలో ఇంగ్లిషు

తొంభైల్లో, నగరిలో మా ఇంగ్లిషు ట్యూషను సారు పాఠం నోటితో చెప్పేవాడు కాదు. రోజుకొక అక్షరం. దాంతో మొదలయ్యే క్రియలు బోర్డు మీద రాసి, ఒక్కొక్కటీ చేసి చూపించేవాడు. అర్థం మేము తెలుగులో అరవాలి. గదికి రెండు పక్కలా పవర్‌లూమ్ షెడ్లే. ఆ మోతలో ఇంకెలా చెప్తాడులే అనుకునేవాళ్లం. వీధిలో పలకరించినా చెయ్యెత్తి నవ్వేవాడు, అంతే.

"మా తమ్ముడింట్లో గది ఖాళీగా ఉండాది సార్. ఆడ సద్దే ఉండదు," అని మా నాయన ఎన్నోసార్లు పిలిచాడు. సారు తల అడ్డంగా ఊపేవాడు. ఎందుకు వద్దంటాడో మాకు అంతుబట్టేది కాదు.

ఆ రోజు డబ్ల్యూ. 'వాష్' అని రాసి, లేని చొక్కాను ఉతికాడు. 'వీప్'కి తువ్వాలు కళ్లకు ఒత్తుకున్నాడు. 'వీవ్' రాసి ఊరికే కిటికీలోంచి షెడ్డు వైపు వేలు చూపించాడు. "నేయడం!" అని అరిచాం. నేతగాళ్ల పిల్లలం కదా! 'వెయిట్' రాస్తుండగా కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"సార్, ఇప్పుడు నోటితో సెప్పండి సార్!" అన్నారెవరో సంబరంగా.

ఆయన నోరు తెరిచాడు. "వె... వె... వె..." మెడ నరాలు ఉబ్బాయి, మాట మాత్రం రాలేదు. ఆ గదిని ఎందుకు వదలడో అప్పుడు తెలిసింది.

ముందు వరుసలోంచి మా చెల్లెలు లేచింది. "సేసి సూపించండి సార్. అట్లయితేనే మాకు గుర్తుంటాది."

సారు గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరమూ అర్థం అరవలేదు. కరెంటు వచ్చేదాకా ఆయనతో పాటు ఎదురుచూశాం.