సబ్బుపెట్టెంత కెమెరా, దోన్కా పుట్టుమచ్చ

"ఊపిరి బిగబట్టకు స్తోయ్నమ్మా, అయిపోయింది."

"ఏమయిపోయింది? నువ్వింకా నొక్కందే!"

"నొక్కాను. మూడుసార్లు నొక్కాను. దీనికి చప్పుడుండదు."

"చప్పుడు లేకుండా ఫొటో ఏమిటయ్యా, పాలు తాగే పిల్లిలాగా! మళ్ళీ తియ్యి. ఈసారి ముందు చెప్పు, మొహం పెట్టుకుంటాను."

"పెట్టుకోకముందే బాగా వచ్చావులే," అంటూ వెల్కో స్టూలు మీద కూలబడ్డాడు.

కిటికీ పక్కన కాఫీ కప్పుతో కూచున్న సెవ్దా నవ్వు ఆపుకుంది. పోస్టాఫీసులో పొద్దుటి పని తెమలగానే ఈ స్టూడియోకి వచ్చి వెల్కో చెప్పేది వినడం ఆమెకి పదకొండేళ్ళ అలవాటు. అతను చెప్పేవి సగం పాతవే. అయినా వింటుంది. అడిగిందే మళ్ళీ అడుగుతుంది కూడా.

బల్గేరియా కొండల్లోని ఈ బెర్కోవిత్సా ఊళ్ళో పెళ్ళయినా, పిల్లాణ్ణి బడిలో వేసినా, నలభై రెండేళ్ళుగా వెల్కో ముందు కూచోవలసిందే. పోయినా అంతే. ఇంటి గుమ్మం మీద, బస్టాపులో, రొట్టెల కొట్టు గోడ మీద అతికించే చావుకాగితంలో ఉండేది అతను తీసిన బొమ్మే. పోయినరోజు ఒక కాగితం, నలభయ్యో రోజుకి ఒకటి, ఆర్నెల్లకి ఒకటి, ఏడాదికి ఒకటి. ముందుచూపున్న ముసలివాళ్ళు చావుబట్టలు పెట్టెలో మడిచిపెట్టుకున్నట్టే ఫొటో కూడా తీయించి పెట్టుకుంటారు. కొండకింది పల్లె నుంచి పదింటి బస్సుకి దిగిన స్తోయ్నా అందుకే వచ్చింది. ఎనభై మూడేళ్ళు. పెట్టెలో దాచుకున్న నల్ల కోటే తొడుక్కొచ్చింది. "ఒక్కపూటకి అరిగిపోదులే, ఆ తరవాత ఎలాగూ బోలెడు విశ్రాంతి దానికి," అంది.

"కొత్త కెమెరా ఎలా ఉంది బాబాయ్?" అని అడిగింది సెవ్దా. అది వచ్చి నాలుగు రోజులే అయింది. పాతవాటి బరువుకి వెల్కో కుడిభుజం వేలెడు కిందికి దిగింది. డాక్టరు బరువు మానెయ్యమన్నాడు. రెండు పాత కెమెరాలూ ఇచ్చేసి దీన్ని తెచ్చుకున్నాడు.

"సబ్బుపెట్టెంత ఉంది. లోపల బొమ్మ పట్టే సెన్సారు మాత్రం పాత ఫిల్ము ముక్కంత వెడల్పు. ఎలా దూర్చారో! అంత వెడల్పుదాన్ని ఫుల్‌ఫ్రేమ్ అంటారు, ఒకప్పుడు మోస్తే మెడ విరిగేది. దీన్ని పట్టుకుంటే చిటికెనవేలికి చోటు లేక గాల్లో వేలాడుతోంది. మీటలు చీమ తలకాయలు, ఒకటి నొక్కబోతే రెండు నొక్కుకుంటున్నాయి. ఎదుటిమనిషి కన్నెక్కడుందో మాత్రం అదే వెతుక్కుంటుంది. నలభై ఏళ్ళు నేను నేర్చుకున్న పని అది..."

మాట అక్కడే వదిలేశాడు. ఈమధ్య అతని మాటలు సగం దారిలో కూచుండిపోతున్నాయి. సెవ్దా తొందరపెట్టదు.

బొమ్మని కంప్యూటరు తెర మీద పెట్టాడు. స్తోయ్నా వంగి చూసి వెనక్కి గెంతింది.

"వామ్మో! ఇది మా అత్త! ముప్పై ఏళ్ళయింది పాతిపెట్టి, ఎలా వచ్చిందిక్కడికి?"

"నువ్వే. ఇంకా దగ్గరికి చూడు." పెద్దది చేశాడు. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కోటు గుండీకి కుట్టిన దారం నల్లది కాదు, ముదురు నీలం. చెవి దగ్గరికొచ్చేసరికి బొమ్మ మెత్తగా కరిగిపోయింది గానీ కన్ను మాత్రం గాజుముక్కలా ఉంది. ఆ కంటిపాపలో కిటికీ, కిటికీ ముందు ఒక పక్కకి ఒరిగిన మనిషి.

"అది నేనే," అన్నాడు వెల్కో. "చూశావా సెవ్దా, భుజం ఎంత దిగిందో. అద్దం కూడా ఇంత చెప్పలేదు."

కాసేపు చూసి సొరుగు లాగాడు. అందులో నైలాను మేజోడు ముక్క ఉంది, అతని భార్య దోన్కాది. దాన్ని లెన్సుకి కట్టి తీస్తే మొహాలు మంచులోంచి వచ్చినట్టు వచ్చేవి. మిగిలిన ముడతల్ని దోన్కా ఫిల్ము మీద సన్నటి పెన్సిలుతో పూడ్చేసేది. ఇద్దరూ కలిసి ఊరందరికీ పదేళ్ళు తగ్గించారు. దోన్కా పోయి ఈ నెలాఖరుకి ఏడాది.

"కావాలంటే మెత్తగా చేస్తాను స్తోయ్నమ్మా. రెండు నిమిషాల పని."

స్తోయ్నా పెదవి పైనున్న గాటుని తెర మీదే తడిమింది. "ఇది ఆవు కుమ్మింది. పెళ్ళికి వారం ముందు. ఇది తీసేస్తే మా ఊళ్ళో నన్నెవరు పోలుస్తారు? ఉండనీ. నీ దోన్కాకి చేసినట్టు నాకు చెయ్యకు."

వెల్కో తల తిప్పాడు. "దోన్కాకి ఏం చేశాను?"

"ఆర్నెల్ల కాగితం మా బస్టాపులో అతికించావు కదా. కళ్ళజోడు లేదు నాకు. బొమ్మ చూసి ఎవరో పట్నం టీచరమ్మ, పాపం, అనుకుని శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయాను. మర్నాడు కోడలు పేరు చదివితే గుండె గుభేలుమంది. యాభై ఏళ్ళ నేస్తం! ముక్కు పక్కన కందిగింజంత పుట్టుమచ్చ ఏదయ్యా? దోన్కా నవ్వితే ముందు కదిలేది అదే కదా!"

అని, తనేమందో అప్పుడే తనకి తెలిసినట్టు, సంచీ సర్దుకుని, బస్సులోకి పొద్దుతిరుగుడు గింజలు కొనుక్కోవాలంటూ వెళ్ళిపోయింది.

వెల్కో అలమర తెరిచాడు. దోన్కా బొమ్మలు బల్లంతా పరిచాడు. పెళ్ళికూతురిగా, కుక్కపిల్లతో, కొండ మీద, చెర్రీచెట్టు కింద. సెవ్దా ఒక్కొక్కటే వెలుగులోకి పట్టుకుని చూసింది. ముక్కు పక్కన అంతా నున్నగా ఉంది.

"ఊరందరివీ అయ్యాక చివర్న తన మచ్చ తనే చెరుపుకునేది," అన్నాడు. "వద్దని ఒక్కసారీ అన్లేదు నేను. బాగుందే, అనేవాణ్ణి. ఎడమపక్క అని చెప్పగలను. ఎంతదో చెప్పమంటే..." బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి, దూరం చేసి, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. కుదరలేదు. చెయ్యి దించేశాడు.

"మొన్న ఈ కెమెరా డబ్బా విప్పగానే, లోపలికి తిరిగి, ఇటు రావే, అనబోయాను. ఎవరూ లేకపోతే ఆవిడ కుర్చీనే ఫొటో తీశాను. దిండు మీద నూలుపోగులు కూడా వచ్చాయి. ఇంత చూసే కన్ను ఇప్పుడొచ్చింది నా చేతికి!"

వెల్కో బొమ్మలన్నీ మళ్ళీ దొంతర పెట్టాడు.

"ఏడాది కాగితం శుక్రవారానికి అచ్చుకివ్వాలి. మళ్ళీ ఆ టీచరమ్మనే పెట్టమంటావా?"

"ఏం చేద్దాం బాబాయ్?"

"పోయినేడాది మార్చి ఎనిమిదిన, ఆడవాళ్ళ పండక్కి, మీ ఆడవాళ్ళంతా కలిసి హోటల్లో భోంచేశారు కదా. మీ పోస్టాఫీసు కౌంటరు పిల్ల రదోస్తినా ఫోన్లో అందర్నీ తీసిందట. నోట్లో ముద్ద ఉండగా తీసిందని ఇంటికొచ్చి తిట్టింది దోన్కా. అది ఉందేమో అడుగు."

"అది మసగ్గా ఉంటుందేమో. ఆ వేళకి సగంమంది బల్లల చుట్టూ చిందులేస్తున్నారు."

"మసగ్గా ఉంటే ఉండనీ. ఎవరూ చెరపలేదు కదా." మేజోడు ముక్కని మడిచి సొరుగులో పెట్టాడు. "లేచి వెళ్ళమ్మా, మూడింటికి కౌంటరు మూసేస్తుంది. మొహాలు నున్నగా చేసే మీట ఉంటుందట ఆ ఫోన్లలో. దాని మీద మాత్రం చెయ్యి పెట్టొద్దను. ముద్దతో సహా, ఎలా ఉన్నది అలాగే పట్రా."